జెబెల్ అలీలో హీటరు ఎందుకండీ!

పాత కారు కొనేటప్పుడు మనవాళ్ళు చూసే సంగతులు మూడు. మొదటిది ఏసీ, రెండోది ఏసీ, మూడోది కూడా ఏసీయే. మేమూ అందుకు అతీతులం కాము. మూడేళ్ళ క్రితం ఒక మండుటెండ మధ్యాహ్నం ఏడు సీట్ల పాత బండి ఒకటి బేరమాడటానికి వెళ్ళి, ఇంజను పావుగంట తిప్పించి, ముందు సీటులో కూర్చుని, వెనక సీటులో కూర్చుని, చల్లగాలి మొహాన కొడుతున్నదా లేదా అని పరీక్షించాము. వచ్చేముందు మాటవరసకు, "హీటరు పనిచేస్తుందాండీ?" అని కూడా అడిగాము. అమ్మే పెద్దమనిషి నవ్వేశాడు. మాకు తోడు వచ్చిన మిత్రుడూ నవ్వాడు. "జెబెల్ అలీలో హీటరు ఎందుకండీ డాక్టరుగారూ! అద్దం దించితే చాలదూ?" అన్నాడు. మేమూ నవ్వి డబ్బు కట్టేశాము.

ఆ ప్రశ్నకు జవాబు మాకు ఒక జనవరిలో, కొండమీద, చీకటి పడ్డాక దొరికింది. మన సంఘంలో చంటిపిల్లలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక, పరువు సంగతి పక్కన పెట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాము.

కొండకు బయలుదేరాము

జెబెల్ అంటే అరబ్బీలో కొండ. పేరులో కొండ ఉన్నా మన జెబెల్ అలీలో పైకెత్తి చూడదగినవి ఓడరేవు క్రేన్లే. 1979లో ఆ రేవు తెరిచారు. 1985లో ఫ్రీ జోను వచ్చింది. అప్పటి నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళు ఎండ గురించి చెప్పుకున్నారు గాని చలి గురించి చెప్పుకున్నది లేదు. సముద్రం పక్కనే ఉన్నాము కాబట్టి జనవరి రాత్రి కూడా ఒక పల్చని స్వెట్టరుతో గడిచిపోతుంది. "సంక్రాంతికి చంక ఎత్తనివ్వని చలి" అని మన పెద్దలు అన్నమాట ఇక్కడి పిల్లలకు చెబితే వింతగా చూస్తారు.

ఆ సంక్రాంతికి మా ఏడేళ్ళవాడు భోగిమంట కావాలని పేచీ పెట్టాడు. ఫ్లాటులో భోగిమంట ఎక్కడ వేస్తాము? దానికి బదులు, పండగ వెళ్ళిన శనివారం రస్ అల్ ఖైమాలోని జెబెల్ జైస్ కొండకు పోదామన్నాము. మేమిద్దరం, పిల్లవాడు, అయిదో నెల నడుస్తున్న పాప, పురిటికని పశ్చిమ గోదావరి నుంచి వచ్చిన మా అత్తగారు, పైన చెప్పిన మిత్రుడు, ఆయన శ్రీమతి. బండి నిండింది. డిక్కీలో పులిహోర, గారెలు, మొక్కజొన్న పొత్తులు, వాటిని కాల్చడానికి చిన్న ఇనుప పొయ్యి, ఒక సంచీ బొగ్గులు.

జెబెల్ జైస్ ఈ దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు, సుమారు 1,900 మీటర్లు. మేము విశాఖపట్నంలో ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదువుకునే రోజుల్లో చలి చూడటానికి లంబసింగి పోయినవాళ్ళం. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి ఆరుబయట ఉన్న మనిషి తెల్లారేసరికి కొయ్యలాగా బిగుసుకుపోతాడని అలా అంటారు. ఆ లంబసింగి ఎత్తు వెయ్యి మీటర్లు. జైస్ ఇంచుమించు దానికి రెట్టింపు. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందని స్కూల్లో చదువుకున్నదే. 2009 జనవరిలో ఆ కొండమీద మంచు పడింది. 2017 ఫిబ్రవరిలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పోయి మళ్ళీ తెల్లబడింది. ఇవన్నీ మాకు తెలుసు. తెలిసి కూడా పాపకు నూలు గౌను తొడిగి, ఒక పల్చటి టవలు చుట్టి బయలుదేరాము. జెబెల్ అలీ కిటికీలోంచి చూసి బట్టలు సర్దుకున్నామన్నమాట.

కొండ కింద పొత్తులు కాల్చుకుని తిన్నాము. అప్పుడు కారు అద్దం కింద అంకె ఇరవై ఒకటి చూపించింది. సూర్యాస్తమయం చూద్దామని పైకి పోయేసరికి అది తొమ్మిదికి దిగింది. దానికి తోడు గాలి. ఫొటోలు తీసుకుంటూ ముప్పావుగంట అక్కడే నిలబడ్డాము. చీకటి పడ్డాక అందరం వణుకుతూ బండిలోకి చేరి తలుపులు వేసుకుని, కొన్నాక మొట్టమొదటిసారి హీటరు మీట ఎర్రగీత వైపు తిప్పాము.

చల్లగాలి వచ్చింది. ఇంజను వేడెక్కలేదేమోనని అయిదు నిమిషాలు ఆగాము. మళ్ళీ చల్లగాలే. ఫ్యాను ఎంత పెంచితే అంత చల్లగా వచ్చింది.

పొట్ట మీద చెయ్యి

పాప ఏడవలేదు. అది చూసి మేము, "దీనికి చలి లేదు, హాయిగా నిద్రపోతున్నది" అన్నాము. మా అత్తగారు ఏమీ అనకుండా గౌను కిందికి చెయ్యి పోనిచ్చి పొట్ట ముట్టుకుని చూశారు. తరవాత పాదాలు చూశారు.

"అల్లుడుగారూ, ఇది నిద్ర కాదండీ. పొట్ట కూడా చల్లబడింది చూడండి" అన్నారు.

చూశాము. పాదాలు మంచు. పొట్ట చల్లగా ఉంది. కింద గుడ్డ తడిసి చాలాసేపయినట్టుంది, అదెవరూ గమనించలేదు. పాపను పిలిస్తే కళ్ళు సగం తెరిచి మూసింది. వైద్యుల ఇంట్లో థర్మామీటర్లు మూడున్నాయి. మూడూ జెబెల్ అలీలో ఉన్నాయి.

పసిపిల్లలకు చలి పుడితే పెద్దవాళ్ళలాగా గడగడ వణకరు. పుట్టిన బిడ్డకు వణుకుడు దాదాపు రాదు. తరవాత కొన్ని నెలల దాకా కూడా సరిగా రాదు. భుజాల మధ్య, మెడ దగ్గర ఉండే ఒక రకం గోధుమరంగు కొవ్వును కరిగించి వేడి పుట్టించుకుంటారు. ఆ నిల్వ కొద్దిపాటిదే. బరువుతో పోలిస్తే ఒంటి చర్మం వైశాల్యం ఎక్కువ, తల పెద్దది, కాబట్టి వేడి త్వరగా పోతుంది. చలి ముదిరిన బిడ్డ ఏడవదు. మెత్తబడి, పాలు తాగడం మానేసి, ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడమే ప్రమాదం. పుట్టిన బిడ్డల విషయంలో మాకు నేర్పిన పరీక్ష కూడా అత్తగారు చేసినదే. చేతి వెనక భాగంతో పొట్టనూ పాదాలనూ ముట్టుకోవాలి. రెండూ వెచ్చగా ఉంటే క్షేమం. పాదాలు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే బిడ్డ చలితో పోరాడుతున్నదని అర్థం. రెండూ చల్లబడితే ఒళ్ళే చల్లబడిందన్నమాట. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతి కన్నబిడ్డ దగ్గర గుర్తు రాలేదు. అది మా తప్పు. రాయక తప్పదు.

బొగ్గుల సంచీ

అప్పుడు మా మిత్రుడు మంచి ఉద్దేశంతోనే ఒక ఉపాయం చెప్పాడు. "డిక్కీలో బొగ్గులు మిగిలాయి కదండీ. బయట రాజేసి, పొగ పోయాక పొయ్యిని కాళ్ళ దగ్గర పెట్టుకుందాం. ఓ అద్దం రెండంగుళాలు దించితే సరి. పావుగంటలో బండంతా వెచ్చబడుతుంది." అత్తగారు కూడా, "అవునండీ, మా అమ్మాయి పుట్టినప్పుడు పురిటి గదిలో నెలరోజులు కుంపటి ఉంచాము" అన్నారు. పాప పొట్ట తాకి ప్రమాదం కనిపెట్టిన ఆవిడే ఆ మాట అనేసరికి మా శ్రీమతి కూడా మా వంక చూసింది. పాప మెత్తగా వేలాడుతున్నది. కళ్ళెదుట నిప్పు చేసుకునే దారి ఉంది. వద్దనడానికి ఆ క్షణంలో నిజంగా గుండె చిక్కబట్టుకోవాల్సి వచ్చింది.

వద్దన్నాము. ఎందుకో ఇక్కడ వివరంగా చెబుతాము, ఎందుకంటే ఈ ఉపాయం మన ఇళ్ళలో ఎవరికైనా తట్టేదే.

బొగ్గు ఎర్రగా కాలి పొగ ఆగిపోతే ప్రమాదం తీరిందనుకుంటాము. అది పొరపాటు. పొగ కంటికి కనపడుతుంది, ముక్కుకు తెలుస్తుంది. ఎర్రటి బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిను ప్రాణవాయువు కన్నా దీన్ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్న తరవాత ఒక పట్టాన వదలదు. మొదట తలనొప్పి, తరవాత వికారం, తరవాత మగత. చలిలో మగత వస్తే వెచ్చబడి నిద్ర వస్తున్నదనుకుంటాము. వేలికి తగిలించే ఆక్సిజను యంత్రం కూడా దీన్ని పసికట్టలేక, అంతా సవ్యంగా ఉన్నట్టే అంకె చూపిస్తుంది. పసిపిల్లలు మనకన్నా వేగంగా ఊపిరి పీలుస్తారు కాబట్టి ముందు దెబ్బ తగిలేది వాళ్ళకే.

మరి పురిటి గదిలో కుంపటి? ఆ గది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి, తలుపు కిందనుంచి, చూరు దగ్గరనుంచి గాలి ఆడుతూ ఉండేది. ఆ సందులే కాపాడాయి. అక్కడా అందరికీ అన్నిసార్లూ కాపాడలేదు. కారు అలా కాదు. వాన చుక్క దూరకుండా రబ్బరు పెట్టి మూసిన పెట్టె. రెండంగుళాల అద్దం సందు దానికి చాలదు. ఈ దేశంలో ప్రతి చలికాలం గదుల్లో, గుడారాల్లో బొగ్గులు పెట్టుకోవద్దని అధికారులు హెచ్చరిస్తూ ఉండేది ఇందుకే.

ఇంజను నడుపుతూ బండిలో పడుకోవడం కూడా ఇలాంటిదే. 2022 జనవరిలో పాకిస్తానులోని మర్రీ కొండల్లో మంచు తుఫానులో కార్లు చిక్కుకుపోయి ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో కొందరిని తీసుకుపోయింది చలి కాదనీ, ఈ విషవాయువేననీ వార్తలు వచ్చాయి. మంచు పొగగొట్టాన్ని మూసేస్తే లోపలి గాలి విషమవుతుంది. మన దగ్గర మంచు లేకపోయినా, తుప్పు పట్టి చిల్లిపడిన పొగగొట్టాలున్న పాత కార్లు లేవా?

కారును కాదు, మనిషిని

మేము చేసినది ఇది. పాప తడిగుడ్డలన్నీ విప్పి ఒళ్ళు పొడిగా తుడిచాము. మా శ్రీమతి స్వెట్టరు లోపల, రొమ్ముకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకుంది. పైన అత్తగారి శాలువా. పాప తలకు మావాడి ఉన్ని టోపీ. పాప కాళ్ళు అత్తగారి చేతుల్లో. బండి రోడ్డు పక్కన ఆపుకునే చోటే ఉంది. కదిలే బండిలో పిల్లను ఒళ్ళో పెట్టుకోకూడదు. ఊరికే కూర్చున్న పెద్దమనిషి ఒంటి నుంచి ఇంచుమించు నూరు వాట్ల వేడి వస్తుంది. అయిదుగురు పెద్దవాళ్ళం దగ్గరగా జరిగితే చిన్న గది హీటరుకు సగం వేడి అక్కడే ఉంది, అదీ నిప్పు లేకుండా.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1978 ప్రాంతంలో కొలంబియా దేశపు బొగొటా నగరంలో, నెలలు నిండని బిడ్డలకు ఇన్క్యుబేటర్లు చాలక, డాక్టర్ ఎడ్గార్ రే తల్లుల గుండెల మీదే బిడ్డలను కట్టి ఉంచే పద్ధతి మొదలుపెట్టారు. దాన్ని కంగారూ పద్ధతి అంటున్నాము. ఈనాడు ప్రపంచమంతా పాటిస్తున్నారు.

ఇరవై నిమిషాలకు పాప పాలు పట్టింది. మరో పది నిమిషాలకు పొట్ట వెచ్చబడింది. తరవాత టోపీ నచ్చక గట్టిగా ఏడ్చింది. అంతకన్నా చక్కటి ఏడుపు మేము లేబరు రూములో కూడా వినలేదు. అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. మా మిత్రుడు దిగి, బొగ్గుల సంచీని డిక్కీ అడుగున పెట్టి తలుపు వేసి వచ్చాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పాపను తన సీటులో కూర్చోబెట్టి, బెల్టు ఒంటికి ఆనేలా బిగించి, శాలువా బెల్టు మీదుగా కప్పాము. లావు కోటు తొడిగి దాని మీద బెల్టు పెడితే దెబ్బ తగిలినప్పుడు బెల్టు వదులైపోతుంది. ఇక నెమ్మదిగా కిందికి దిగాము. దిగుతున్నకొద్దీ అంకె పెరిగింది: పదకొండు, పద్నాలుగు, పదిహేడు. హీటరు లేని బండికి కొండ దిగే రోడ్డే హీటరు. ఆ సంగతి తోచి ఉంటే, చలి వేసిన మొదటి క్షణంలోనే దిగిపోయి ఉండేవాళ్ళం.

రెండు గొట్టాల సంగతి

మర్నాడు బండిని మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాము. బోనెట్ ఎత్తి రెండు నిమిషాల్లో చూపించాడు. హీటరుకు పోవలసిన గొట్టం, తిరిగి రావలసిన గొట్టం ఒకదానికొకటి ఇనుప ముక్కతో కలిపి క్లిప్పులు బిగించి ఉన్నాయి. ఎప్పుడో లోపల కారితే, కొత్తది వేయడానికి డాష్ బోర్డంతా విప్పాలి కాబట్టి, మా ముందు ఎవరో ఆ ఖర్చు తప్పించుకున్నారు. జెబెల్ అలీలో హీటరు ఎందుకని వాళ్ళూ అనుకుని ఉంటారు.

కారు హీటరు విడిగా వేడి పుట్టించే యంత్రం కాదు. పెట్రోలులో ఉన్న శక్తిలో చక్రాలకు అందేది కొద్ది భాగమే. మిగిలినదాంట్లో కొంత పొగగొట్టంలోంచి, కొంత ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళలోకి పోతుంది. సుమారు తొంభై డిగ్రీల వేడిలో ఉండే ఆ నీళ్ళను కాసిని డాష్ బోర్డు వెనక ఉన్న ఒక బుల్లి రేడియేటరులోకి తిప్పి, దాని మీదుగా ఫ్యాను గాలి తోలితే అదే హీటరు. ఇంజను పారేసే వేడినే మనం వాడుకుంటున్నాము.

అందుకే రోగనిర్ణయం కూడా తేలిక. గాలి అసలు రాకపోతే ఫ్యాను, ఫ్యూజు చూడాలి. గాలి వచ్చి వేడి రాకపోతే, ఇంజను కాస్త నడిచాక ఆ రెండు గొట్టాలూ జాగ్రత్తగా తాకి చూడాలి. రెండూ వేడిగా ఉంటే నీళ్ళు తిరుగుతున్నాయి. లోపల గాలిని మళ్ళించే రేకు ఇరుక్కుంది. ఒకటి వేడిగా ఒకటి చల్లగా ఉంటే బుల్లి రేడియేటరు పూడిపోయింది. రెండూ చల్లగా ఉంటే కూలెంటు తగ్గింది, లేదా గాలి బుడగ అడ్డం పడింది, లేదా థర్మోస్టాటు తెరుచుకునే ఉండిపోయి ఇంజనే వేడెక్కడం లేదు. కారులో తియ్యటి వాసన వచ్చి, అద్దానికి జిడ్డు ఆవిరి పడితే లోపల కారుతున్నదని గుర్తు.

పూడిపోవడానికి మన అలవాటే చాలావరకు కారణం. ఎండాకాలం రేడియేటరులో కుళాయి నీళ్ళు పోసి సరిపెడతాము. తుప్పు, పొక్కు పట్టి సన్నని దారులన్నీ మూసుకుపోతాయి. పోయవలసింది కూలెంటు. వైద్యులుగా ఒక మాట: అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, మూత్రపిండాలను పాడుచేసే విషం. దాన్ని మంచినీళ్ళ సీసాల్లో పోసి ఉంచవద్దు.

ఇంకా ఒక సంగతి మెకానిక్కు చెబితే మా నవ్వు మాకే తిరిగి తగిలింది. జూలైలో ట్రాఫిక్కులో ఇంజను సూది ఎర్రగీత చేరుతుంటే ఏసీ ఆపేసి హీటరు పూర్తిగా పెట్టమన్నాడు. ఇంజను వేడి కొంత కారులోకి వచ్చేసి, పక్కకు తీసి ఆపుకునేంత వ్యవధి దొరుకుతుంది. మనం చెమటతో తడుస్తాము, ఇంజను బతుకుతుంది. అంటే జెబెల్ అలీలో హీటరు జనవరికే కాదు, జూలైకీ కావాలి. పొగమంచు రోజుల్లో లోపలి అద్దం తడి ఆరడానికి కూడా అదే ఆధారం. హీటరు, ఏసీ కలిపి పెడితే త్వరగా తేటపడుతుంది. మన ఇంటి నుంచి అబుదాబి వైపు పోతే వచ్చే గంటూట్ దగ్గర 2008 మార్చి 11న పొగమంచులో సుమారు రెండు వందల వాహనాలు ఒకదానికొకటి గుద్దుకున్న సంగతి పాతవారికి గుర్తుండే ఉంటుంది. ఆ రోడ్డు మీద అద్దం తేటగా ఉండటం విలాసం కాదు.

కొండకు పోయేవారికి మనవి

1. డిసెంబరులోనే హీటరు ఒకసారి పెట్టి చూసుకోండి. పాత బండి కొనేటప్పుడు ఎవరు నవ్వినా చూడండి.

2. బట్టలు ఊరు చూసి కాదు, కొండ చూసి సర్దండి. ఒక లావు కోటు కన్నా మూడు పల్చటి పొరలు మేలు. పిల్లలకు టోపీ, మేజోళ్ళు, పొడి బట్టలు ఒక జత అదనంగా.

3. డిక్కీలో రెండు దుప్పట్లు, ఫ్లాస్కులో వేడినీళ్ళు, టార్చి, థర్మామీటరు ఉంచండి.

4. చంటిపిల్ల ఉంటే అరగంటకొకసారి పొట్ట, పాదాలు ముట్టుకుని చూడండి. ఊరుకున్న పిల్లను లేపి చూడండి. వెచ్చబెట్టినా పాలు పట్టకపోతే, మెత్తగానే ఉంటే, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోండి. అంబులెన్సుకు 998.

5. బొగ్గులు, స్టవ్వు, కుంపటి - ఏ నిప్పూ కారులోకి, గుడారంలోకి వద్దు. అద్దం దించినా వద్దు.

6. ఇంజను నడుపుతూ నిద్రపోవద్దు. ఒకే బండిలో అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే అది చలి కాదు. వెంటనే ఇంజను ఆపి, తలుపులు తీసి బయటికి రండి.

7. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత తీయవద్దు.

మా బండికి కొత్త హీటరు వేయించాము. కొన్నప్పుడు తగ్గించుకున్నామని సంతోషించిన డబ్బు దానికి సరిపోయింది. అత్తగారు ఫిబ్రవరిలో ఊరికి వెళ్ళేముందు మా శ్రీమతి పాత చీరలు నాలుగు తీసుకుని చేత్తో ఒక బొంత కుట్టి ఇచ్చారు. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా, ఇప్పుడెందుకమ్మా?" అని మా శ్రీమతి అడిగితే, "వచ్చే ఏడు మళ్ళీ వస్తుంది కదే" అన్నారు. ఆ బొంత జూలైలో కూడా డిక్కీలోనే ఉంటున్నది.